సొంత పాటను ఎఫ్‌ఎం దాకా చేర్చడం ఎలా? హైదరాబాద్ కళాకారులకు ఆరు వారాల ప్లాన్

"పాట రెడీ అన్నా, రేడియోలో వేయించాలంటే ఎవర్ని కలవాలె?" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే దాన్ని యూట్యూబ్‌లో పెట్టేసి ఉంటారు. అప్పటికి సగం తలుపులు మూసుకుపోయినట్టే. స్పాటిఫై ఎడిటర్లకు విడుదల కాని పాటను మాత్రమే పంపగలం. మూడు నెలల కిందటి పాట ఎఫ్‌ఎం వాళ్లకు కొత్తది కాదు. ప్రమోషన్ అంటే మాస్టర్ ఫైల్ చేతికొచ్చిన రోజుకూ విడుదల రోజుకూ మధ్య చేసే పని. దానికి కనీసం ఆరు వారాలు పెట్టుకోండి.

ఇది సినిమా పాటల గురించి కాదు. సొంతంగా రాసుకుని, పాడుకుని, కృష్ణానగర్‌లోనో ఇంట్లోనో రికార్డు చేసుకున్నవాళ్ల కోసం.

## 1. ముందు కాగితాలు

ఈ భాగం ఎవరికీ నచ్చదు. గొడవలన్నీ మాత్రం ఇక్కడే పుడతాయి, అదీ పాట ఆడాకే.

ఒక పాటలో రెండు వేర్వేరు ఆస్తులున్నాయి. ఒకటి సాహిత్యం, బాణీ. రెండోది రికార్డింగ్, అంటే మాస్టర్. మొదటిది రచయితది, స్వరకర్తది. రెండోది మామూలుగా డబ్బు పెట్టి రికార్డు చేయించినవాళ్లది. ఎవరి వాటా ఎంతో ఒక్క పేజీ మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. వాట్సాప్‌లో "ఓకే బ్రో" అంటే సరిపోదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని కాపీరైట్ చట్టమే చెబుతోంది. గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క.

ఆ పేజీలో ఉండాల్సినవి:

- పాట పేరు, రికార్డు చేసిన తేదీ, స్టూడియో
- సాహిత్యం: పేరు, వాటా శాతం
- బాణీ: పేరు, వాటా శాతం
- మాస్టర్ ఎవరిది. గాయకులకు, వాద్యకారులకు ఇచ్చింది ఒకేసారి పారితోషికమా, ఆదాయంలో వాటానా
- గడువు, ప్రాంతం
- అందరి సంతకాలు, ఫోన్ నంబర్లు

కంపెనీ ఏదైనా అగ్రిమెంట్ పంపి "రాయల్టీ హక్కులన్నీ వదులుకుంటున్నాను" అనే చోట సంతకం అడిగితే ఆగండి. 2012 సవరణ తర్వాత రచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాను అలా వదులుకోవడం చెల్లదు. మాస్టర్ మాత్రం వాళ్ల పేరుకు వెళ్లిపోతుంది. కాబట్టి చదివాకే సంతకం.

జానపదం పాడేవాళ్లకు ఒక మాట. "జానపదమే కదా, ఎవరిదీ కాదు" అనే ధీమా వద్దు. ఊరూరా పాడుకునే పాటల్లో చాలావాటికి రాసినవాళ్లున్నారు, కొందరు మన మధ్యే ఉన్నారు. ముందు వాకబు చేయండి. నిజంగా పాత పాటే అయితే ఎవరి దగ్గర విని నేర్చుకున్నారో వాళ్ల పేరు "సేకరణ" కింద వేయండి. కొత్త చరణాలు కలిపితే అవి ఎవరు రాశారో విడిగా రాయండి.

ఇంటర్నెట్‌లో కొన్న బీట్ (రెడీమేడ్ సంగీతం ట్రాక్) మీద పాడినట్లయితే దాని లైసెన్స్ కాగితం దాచుకోండి. అదే బీట్ ఇంకో వందమందికీ అమ్మి ఉండొచ్చు. దీని సంగతి నాలుగో మెట్టులో చూద్దాం.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పాట పుట్టగానే హక్కు పుడుతుంది. చేతిలో రుజువు కావాలనుకుంటే చేయించుకోవచ్చు. సాహిత్యానికో సంగీతానికో 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2,000 రూపాయలు ఫీజు.

## 2. ఫైళ్లన్నీ ఒక్క పూటలో తీసుకోండి

మిక్సింగ్ అయిన రోజే స్టూడియో నుంచి అన్ని రూపాలూ తెచ్చుకోండి. నెల తర్వాత అడిగితే ఇంజనీర్ దగ్గర ఆ సెషన్ ఉంటుందన్న నమ్మకం లేదు.

- మాస్టర్: వేవ్ ఫైల్, 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ (లేదా 16)
- రేడియో ఎడిట్: మూడు, మూడున్నర నిమిషాలు, ఎంపీ3 320 కేబీపీఎస్, దాంతోపాటు వేవ్
- ఇన్‌స్ట్రుమెంటల్ (స్టేజీ మీద, టీవీ ప్రోగ్రాంలలో ఇదే కావాలి)
- గాత్రం ఒక్కటే ఉన్న ఫైల్
- రీల్స్ కోసం 30 సెకన్ల ముక్క, కాలర్ ట్యూన్ కోసం ఇంకోటి

రేడియో ఎడిట్ అంటే చివర్న కత్తిరించడం కాదు. ముప్పావు నిమిషం ఆలాపనను పది సెకన్లకు దించాలి, పల్లవి ముందుకు రావాలి. తిట్లు ఉంటే తీసేసిన వెర్షన్ ఇవ్వాలి. ప్రైవేట్ ఎఫ్‌ఎంలు కూడా ఆకాశవాణి ప్రసార నియమావళికి లోబడాల్సిందే. మందు, కులం, ఒకరిని కించపరిచే మాట ఉన్న లైన్లను ముందే ఒకసారి చూసుకోండి.

సౌండ్ ఎంత పెంచితే అంత బాగా వినిపిస్తుందనుకోవడం పొరపాటు. స్పాటిఫై మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరకు దించి వినిపిస్తుంది. విపరీతంగా నొక్కేసిన మాస్టర్ అక్కడ ఇంకా చదునుగా వినిపిస్తుంది. పీక్ మైనస్ 1 డీబీ దాటకుండా చూడమని ఇంజనీర్‌కు చెప్పండి.

తర్వాత స్టూడియో స్పీకర్లు పక్కన పెట్టి మూడు చోట్ల వినండి: పది వేల రూపాయల ఫోన్ స్పీకర్, కారు స్టీరియో, ఒక చెవిలోనే పెట్టుకున్న ఇయర్‌ఫోన్. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని, అద్దాలెక్కించి, హారన్ల మధ్య రేడియో వింటున్న క్యాబ్ డ్రైవర్‌కు పల్లవిలోని మాటలు అర్థమవ్వాలి. డప్పు కిందో సింథ్ కిందో మాట మునిగిపోతే మిక్స్ మళ్లీ చేయాల్సిందే.

## 3. పేర్లు, స్పెల్లింగ్

చిన్న పనే. కానీ తప్పితే దిద్దడానికి వారాలు పడుతుంది.

ఆర్టిస్ట్ పేరు ఎక్కడైనా ఒకే రకంగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే రెండు ప్రొఫైళ్లు తయారవుతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు రాసేటప్పుడు జనం వెతికే స్పెల్లింగే వాడండి. "బతుకమ్మ"ను రెండు మూడు రకాలుగా రాస్తారు. యూట్యూబ్ సెర్చ్‌లో టైప్ చేసి ఏది ముందు సూచిస్తుందో చూసి అదే తీసుకోండి. మిగతా స్పెల్లింగులు, తెలుగు లిపిలో పేరు వీడియో వివరణలో రాయండి.

భాష దగ్గర "తెలుగు" అని ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూడండి. హిందీ అని పడితే తెలుగు ప్లేలిస్టుల ఎడిటర్ కంటికి ఆ పాట ఆనదు.

కవర్ బొమ్మ చతురస్రంగా, 3000 బై 3000 పిక్సెళ్లు. దాని మీద ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఐడీ, "సబ్‌స్క్రైబ్ చేయండి" లాంటివి ఉంటే వెనక్కి కొడతారు.

## 4. డిస్ట్రిబ్యూటర్ ఎంపిక

స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్, గానా, అమెజాన్, యూట్యూబ్ మ్యూజిక్, ఇన్‌స్టాగ్రామ్ లైబ్రరీ... వీటన్నిటికీ పాటను చేర్చేది డిస్ట్రిబ్యూటరే. పాత గైడ్లలో కనిపించే వింక్, రెస్సో 2024లో మన దగ్గర మూతపడ్డాయి. వాటి కోసం వెతక్కండి.

డబ్బు తీసుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటివి ఏడాది చందా తీసుకుంటాయి. డిస్ట్రోకిడ్‌లో అదనపు రుసుము కట్టకుండా చందా మానేస్తే పాట దిగిపోతుంది. సీడీ బేబీ లాంటిది ఒకసారి ఫీజు తీసుకుని ఆదాయంలో కమీషన్ పట్టుకుంటుంది. ఏడాదికి ఐదారు పాటలు చేసేవాళ్లకు మొదటిది, రెండేళ్లకో పాట చేసేవాళ్లకు రెండోది నయం.

సంతకానికి ముందు అడగాల్సినవి:

- జియోసావన్, గానాలకు ఇస్తారా?
- కాలర్ ట్యూన్లకు ఇస్తారా? (మన ఊళ్లలో భక్తి పాటకూ జానపదానికీ ఇది ఇంకా పెద్ద దారే)
- బయటికి వెళ్లిపోవాలంటే ఎన్ని రోజుల నోటీసు?
- ఐఎస్‌ఆర్‌సీ నంబర్ మనకు చూపిస్తారా?

ఐఎస్‌ఆర్‌సీ అంటే రికార్డింగ్‌కు ఉండే 12 అక్షరాల గుర్తింపు. డిస్ట్రిబ్యూటర్ మారినా అదే నంబర్ వాడితేనే పాత స్ట్రీముల లెక్క పోకుండా ఉంటుంది. డైరీలో రాసుకోండి.

ఇప్పుడు బీట్ సంగతి. నలుగురూ వాడే బీట్, రెడీమేడ్ లూప్ ఉన్న పాటకు యూట్యూబ్ కంటెంట్ ఐడీ (ఇతరుల వీడియోల్లో మీ ఆడియోను గుర్తుపట్టే ఏర్పాటు) ఆన్ చేయకండి. చేస్తే అదే బీట్ వాడిన మరొకరి వీడియో మీద మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది, లేదా వాళ్లది మీ మీద పడుతుంది. ఆ తగాదాలో డిస్ట్రిబ్యూటర్ మీ ఖాతానే ఆపేయగలడు.

## 5. తేదీ ఎలా పెట్టాలి

ప్రపంచమంతా శుక్రవారం విడుదల చేస్తుంది. మన దగ్గర శుక్రవారం సినిమా రోజు. ఫోన్లన్నీ రివ్యూలతో నిండిపోతాయి. స్పాటిఫైలో రిలీజ్ రాడార్ (వినేవాళ్లకు కొత్త పాటలు చూపే ప్లేలిస్టు) మారేది శుక్రవారం కాబట్టి, గురువారం సాయంత్రానికి పాట లైవ్‌లో ఉంటే రెండూ కలిసొస్తాయని నా లెక్క. పెద్ద హీరో పుట్టినరోజును, టీజర్ వచ్చే రోజును మాత్రం తప్పించుకోండి.

పండగ పాటకు లెక్క వేరు. బోనాలు ఆషాఢంలో గోల్కొండతో మొదలై, లష్కర్, లాల్ దర్వాజా దాకా వారాల తరబడి సాగుతాయి. పాట గోల్కొండ బోనానికి మూడు వారాల ముందే బయట ఉండాలి. ఎందుకంటే గల్లీల్లో పాటను తిప్పేది డీజే సౌండ్ వాళ్లు, తీన్మార్ బ్యాండ్ వాళ్లు. వాళ్ల పెన్‌డ్రైవ్‌లు ముందే నిండిపోతాయి. లష్కర్ బోనాల వారంలో విడుదలైన పాట వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే. బతుకమ్మ పాటకూ అంతే: ఎంగిలిపూల నాటికి ఆడవాళ్ల నోట్లో పడి ఉండాలి.

## 6. ఆరు వారాల క్రమం

ఆరో వారం ముందు: డిస్ట్రిబ్యూటర్‌కు అప్‌లోడ్. ఇన్‌స్టాగ్రామ్‌లో పాట ఏ సెకను నుంచి మొదలవ్వాలో అప్పుడే ఎంచుకోండి. లేకపోతే రీల్ తీసేవాళ్లకు ఆలాపన వినిపిస్తుంది, పల్లవి రాదు.

నాలుగో వారం ముందు: స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో పిచ్ (పాటను ప్లేలిస్టుల్లో వేయమని ఎడిటర్లకు రాసే వినతి) పంపండి. కనీసం ఏడు రోజుల ముందు పంపితేనే మీ ఫాలోవర్ల రిలీజ్ రాడార్‌లో మీరు ఎంచుకున్న పాట పడుతుంది. అసలు ఎడిటర్ల కంట పడాలంటే నాలుగు వారాలు మంచిది. రాయడానికి 500 అక్షరాలే ఉంటాయి. "మనసుకు హత్తుకునే మెలొడీ" లాంటి మాటలతో వాటిని పాడుచేయకండి. ఏ యాస, ఏ వాద్యాలు, ఏ సందర్భంలో వినే పాట, దాన్ని ఎవరు ఎక్కడ వాయిస్తారో రాయండి.

మూడో వారం ముందు: రేడియో వాళ్లకు మెయిల్. దీని గురించి కింద విడిగా.

రెండో వారం ముందు: రీల్స్. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. అసలు ఆడియో ఇన్‌స్టా లైబ్రరీలోకి రాకముందే రీల్ పెడతారు. అది "ఒరిజినల్ ఆడియో"గా నమోదవుతుంది. జనం దాన్నే వాడతారు. ఆ లెక్క పాట పేజీకి చేరదు. ముందస్తు రీల్‌లో మేకింగ్, సాహిత్యం కాగితం, డప్పు వాయిద్యం చూపండి, పల్లవి రెండు లైన్లు చాలు. పూర్తి హుక్ (పాటలో గుర్తుండిపోయే ముక్క) లైబ్రరీలో ఆడియో పడ్డాకే.

విడుదల వారం: యూట్యూబ్ వీడియో, సాహిత్యం తెలుగు లిపిలో మ్యూజిక్స్‌మ్యాచ్‌లో (యాప్‌లకు పాటల సాహిత్యం అందించే సైటు), అన్ని యాప్‌లకూ దారితీసే ఒక్క లింకు. పది లింకులు వరసగా పంపితే ఎవరూ ఏదీ నొక్కరు.

## 7. యూట్యూబ్ ఖాతా

పాట డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లగానే మీ పేరు మీద "టాపిక్" అనే చానల్ ఒకటి దానంతటదే పుడుతుంది. దాన్నీ మీ సొంత చానల్‌నూ కలిపి అఫీషియల్ ఆర్టిస్ట్ చానల్ చేయమని డిస్ట్రిబ్యూటర్‌ను అడగండి. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) కావాలి. మొదటి పాటకే అది దాటకపోతే బెంగపడకండి. కంటెంట్ ఐడీ ఆన్‌లో ఉంటే ఇతరుల వీడియోల్లో మీ పాటకు వచ్చే వాటా వేరే దారిలో వస్తుంది.

## 8. ఎఫ్‌ఎం రేడియో

మొదట తెలుసుకోవాల్సింది: ప్రైవేట్ ఎఫ్‌ఎంలో ఏ పాట ఎప్పుడు పడాలో మామూలుగా ఆర్‌జే చేతిలో ఉండదు. స్టేషన్ మ్యూజిక్ మేనేజర్, ప్రోగ్రామింగ్ హెడ్ కలిసి జాబితా వేస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ వరసలో ఆడిస్తుంది. ఆర్‌జేలకు ఇన్‌స్టాలో "అన్నా, ఒక్కసారి వేయవా" అని మెసేజ్ పెడితే, చూసినా చేయగలిగింది తక్కువ. ఆర్‌జే వల్ల అయ్యేది వేరే ఉంది: షోలో ఇంటర్వ్యూ, స్టేషన్ సోషల్ మీడియా పేజీలో వీడియో, స్టూడియోలో గిటార్‌తో రెండు నిమిషాలు. అది అడగండి.

హైదరాబాద్‌లో రేడియో మిర్చి (98.3), రెడ్ ఎఫ్‌ఎం (93.5), బిగ్ ఎఫ్‌ఎం (92.7), రేడియో సిటీ (91.1) ఉన్నాయి. మెయిల్ పంపే ముందు ఒక్కో స్టేషన్‌ను పొద్దున, సాయంత్రం, రాత్రి కాసేపు వినండి. సినిమా పాట తప్ప ఇంకేదీ వేయని సమయం ఏది, బయటి కళాకారులను పిలిచే షో ఏది, రాసుకోండి. పొద్దున ఆఫీసు ట్రాఫిక్ వేళ కొత్త పేరుకు చోటు దొరకడం కష్టం. రాత్రి షోలూ, వారాంతాలూ, పండగ రోజులూ మన సందులు.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

*విషయం: బోనాల జానపదం, 3 నిమిషాల 5 సెకన్లు, విడుదల జూన్ 18*

*నమస్తే అండీ. మాది సికింద్రాబాద్. లష్కర్ బోనాల మీద కొత్తగా రాసి, డప్పు, మర్ఫాతో రికార్డు చేసిన పాట ఇది. రేడియో ఎడిట్ లింకు కింద ఉంది, డౌన్‌లోడ్‌కు పాస్‌వర్డ్ అక్కర్లేదు. సాహిత్యం, హక్కుల వివరాలు, ఐఎస్‌ఆర్‌సీ ఒక పేజీలో జతచేశాను. సాహిత్యం, బాణీ, మాస్టర్ మా సొంతమే. ప్రసారానికి మా అనుమతి ఉంది. బోనాల వారంలో స్టూడియోకు డప్పుతో వచ్చి పాడగలం. నా నంబర్ కింద ఉంది.*

అంతే. జీవిత చరిత్ర వద్దు. పెద్ద ఫైళ్లు మెయిల్‌కు అతికించొద్దు. గడువు తీరిపోయే ట్రాన్స్‌ఫర్ లింకు అసలే వద్దు. వాళ్లు తెరిచేసరికి పదిరోజులవుతుంది. ఎంపీ3 ఫైల్ పేరు "ఫైనల్ ఫైనల్ 3" అని ఉండకూడదు. పాట పేరు, ఆర్టిస్ట్ పేరు, "రేడియో ఎడిట్" అని ఉండాలి.

వారం తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి. విడుదలయ్యాక మళ్లీ ఒక్కసారి రాయండి, ఈసారి అంకెలతో: రీల్స్ ఎన్ని, ఏ ఊరి నుంచి ఎక్కువ వింటున్నారు, యూట్యూబ్‌లో ఎంతసేపు చూస్తున్నారు. ఈ రోజుల్లో ఎఫ్‌ఎం వాళ్లు ముందుగా చూసేది ఇదే. ఫోన్లలో ఇప్పటికే తిరుగుతున్న పాటను వేయడానికి వాళ్లకు భయముండదు. అందుకే రేడియో ప్రయత్నాన్ని డిజిటల్ పనికి వేరుగా చూడొద్దు.

"ప్యాకేజీ తీసుకుంటే ఇన్నిసార్లు వేస్తాం" అని స్టేషన్ సేల్స్ విభాగం చెప్పొచ్చు. అది ప్రకటన. తప్పేం కాదు. కానీ జీఎస్‌టీ బిల్లు, ఏ రోజు ఏ గంటకు పడిందో చూపే లాగ్ షీట్ అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా వ్యక్తిగత ఖాతాకు వేయమంటే లేచి వచ్చేయండి.

## 9. ఆకాశవాణి, కమ్యూనిటీ రేడియో

ఆకాశవాణి పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ ముందు మీ గొంతుకు పరీక్ష, తర్వాతే పాట. సైఫాబాద్‌లోని కేంద్రంలో ఆడిషన్ దరఖాస్తు తీసుకుని లలిత సంగీతం, జానపదం, శాస్త్రీయం లాంటి విభాగాల్లో పోటీపడాలి. నెగ్గితే బి, బి-హై, ఎ, టాప్ అనే గ్రేడుల్లో ఒకటి ఇస్తారు. కొత్తవాళ్లు మామూలుగా బి తోనే మొదలవుతారు. తర్వాత వాళ్లు పిలిచి రికార్డు చేసి పారితోషికం ఇస్తారు. నెలలు పట్టొచ్చు. ఓపిక ఉంటే దీనికి మించిన గుర్తింపు లేదు. ఊళ్లో కచేరీకి పిలిచేవాళ్లు "రేడియో ఆర్టిస్టా?" అని ఇప్పటికీ అడుగుతారు. యువవాణి ద్వారా చిన్న వయసువాళ్లు ముందుగా మైకుకు అలవాటు పడొచ్చు. రెయిన్‌బో (101.9), వివిధ భారతి (102.8) ఏమేం ప్రసారం చేస్తున్నాయో కొన్నాళ్లు విని, ఆ తర్వాత కేంద్రంలో అడగండి.

కమ్యూనిటీ రేడియోను తక్కువగా చూడకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్ (90.4) ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో మహిళలు నడిపే సంగం రేడియో ఉంది. ఇలాంటి స్టేషన్లలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలని నిబంధన. అంటే స్థానిక గొంతు వాళ్లకూ అవసరమే. వినేది కొద్దిమందే అయినా, మైకు ముందు అరగంట మాట్లాడిన ఆ ఆడియో పెద్ద స్టేషన్‌కు పంపే మెయిల్‌లో పనికొస్తుంది.

పాట ప్రసారమైతే సాహిత్యానికీ బాణీకీ రావాల్సిన డబ్బు నేరుగా మీ ఖాతాలో పడదు. రచయితలు, స్వరకర్తలు ఐపీఆర్‌ఎస్‌లో (వాళ్ల రాయల్టీ వసూలు చేసే సంఘం) సభ్యులై, ఒక్కో పాటనూ వాటాలతో సహా నమోదు చేయాలి. మొదటి మెట్టులో రాసుకున్న పేజీ ఇక్కడ ఉన్నదున్నట్టు దింపేయొచ్చు. గాయకులకు, వాద్యకారులకు ఇసామ్రా (పాత పేరు ఇస్రా) అనే వేరే సంఘం ఉంది.

## 10. చిక్కులు, వాటికి మందులు

లక్ష స్ట్రీమ్స్ గ్యారంటీ అని వాట్సాప్ వచ్చింది. బ్లాక్ చేయండి. అవి బాట్లు. దొంగ స్ట్రీములు పట్టుబడితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తుంది, వాళ్లు దాన్ని మీ మీదకు తోస్తారు, పాట కూడా దింపేస్తారు. పాటకు 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు లేకపోతే అక్కడ రికార్డింగ్ రాయల్టీ రాదన్నది నిజమే. ఆ వెయ్యి నిజమైన వాళ్ల నుంచే రావాలి.

పాట ఇంకొకరి ప్రొఫైల్‌లో పడింది. ఒకే పేరున్న వేరే గాయకుడుంటే ఇది మామూలే. రెండు లింకులతో డిస్ట్రిబ్యూటర్‌కు రాయండి. విడుదలకు ముందే చూసుకుంటే ఇంకా తేలిక.

సొంత వీడియో మీదే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. సాధారణంగా అది మీ డిస్ట్రిబ్యూటర్‌దే. చానల్‌ను వైట్‌లిస్ట్ చేయమనండి, అంటే మీ చానల్ మీద క్లెయిమ్ పడకుండా మినహాయించమనండి. వేరే కంపెనీది అయితే డిస్ప్యూట్ పెట్టే ముందు బీట్ లైసెన్స్, వాటాల పేజీ చేతిలో ఉంచుకోండి.

రీల్స్ బాగా తిరుగుతున్నాయి, స్ట్రీములు లేవు. రీల్‌లో పాట పేరు కనిపిస్తోందా చూడండి. బయోలో లింకు పనిచేస్తోందా? హుక్ తప్ప మిగతా పాటలో పట్టు లేకపోతే దానికి మందు లేదు, వచ్చే పాటలో చూసుకోవాల్సిందే.

రేడియో నుంచి జవాబే లేదు. అదే పాటను నాలుగోసారి పంపకండి. లామకాన్ లాంటి సాంస్కృతిక వేదిక దగ్గర ఒక సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకుని మంచి ఆడియోతో రికార్డు చేయండి. తర్వాతి పాట మెయిల్‌లో ఆ వీడియో లింకును రెండో లైన్‌లోనే పెట్టండి.